మేడ మీద టేకు చెక్కల నేల: కొన్ని పలకలే మార్చొచ్చా, మొత్తం తీసేయాలా?

అందరికీ నమస్కారం. గుంటూరు బ్రాడీపేటలో మాది తాతయ్య కట్టించిన ఇల్లు, డెబ్బై ఏళ్లు దాటింది. సున్నంతో కట్టిన గోడలు. పైన 12 అడుగులకు 14 అడుగుల గది ఒకటుంది. దాని నేలంతా దూలాల మీద పరిచిన టేకు పలకలే. కిటికీ కింద జల్లు పడి పడి మూడు పలకలు పాడయ్యాయి. బొటనవేలితో నొక్కితే మెత్తగా దిగిపోతోంది, సందుల్లోంచి పిండిలా పొడి రాలుతోంది. మిగతావన్నీ గట్టిగానే ఉన్నాయి.

తాపీ మేస్త్రి మాత్రం చెక్కంతా పీకేసి నాలుగంగుళాల స్లాబు పోసి టైల్స్ వేద్దామంటున్నాడు. నాకు మనసొప్పడం లేదు. నాలుగంగుళాల కాంక్రీటంటే చదరపు అడుగుకి సుమారు 23 కిలోలు, గది మొత్తానికి దాదాపు 4 టన్నులు. ఆ పాత గోడలు మోస్తాయా? పైగా మా నానమ్మ ఆ నేల మీదే మమ్మల్నందర్నీ కూర్చోబెట్టి అన్నం కలిపి పెట్టేది.

పాడైన పలకలు మాత్రమే మార్పించుకున్నవాళ్లు ఉన్నారా? పాత ఇళ్లు విప్పిన టేకు గుంటూరులో గానీ విజయవాడలో గానీ నమ్మకంగా ఎక్కడ దొరుకుతుంది? అన్నిటికంటే ముఖ్యం, గోడలోకి దిగిన దూలం చివర్లకు చెద పట్టిందో లేదో గోడ పగలగొట్టకుండా ఎలా చూడాలి? వానలు మొదలయ్యేలోపు తేల్చుకోవాలి. ఇలాంటి పని చేసిన వడ్రంగి ఎవరైనా తెలిస్తే దయచేసి చెప్పండి.