ఐసీయూలో చేతులు కడిగించడం ఎలా? మీ అనుభవాలు చెప్పండి

క్వాలిటీసెల్_విజయవాడ:
మాది ప్రైవేటు ఆస్పత్రి. ఆడిట్ రోజు హ్యాండ్‌రబ్ (చేతులకి రుద్దుకునే శానిటైజర్) వాడకం బ్రహ్మాండం, మర్నాటి నుంచి మామూలే. ట్రైనింగులు, సర్క్యులర్లు అన్నీ అయ్యాయి. డబ్ల్యూహెచ్‌ఓ చెప్పిన చేతులు శుభ్రం చేసుకోవాల్సిన ఐదు సందర్భాలూ ఎవర్ని అడిగినా గడగడా అప్పజెబుతారు. మేనేజ్‌మెంటు ఇప్పుడు జరిమానా అంటోంది. ఇంకో దారి ఏమైనా ఉందా?

సిస్టర్_గుంటూరు:
జరిమానా పెడితే కడగడం పెరగదండీ, దొరక్కుండా తప్పించుకోవడం పెరుగుతుంది. ముందు మీ సీసా ఎక్కడుందో చూడండి. మా దగ్గర తలుపు పక్కన గోడకి ఉండేది. ఒక చేతిలో ఇంజెక్షన్ ట్రే, ఇంకో చేతిలో కేస్ షీటు పట్టుకుని అక్కడిదాకా ఎవరు వెళ్తారు? మంచం కాళ్లవైపు తగిలించాక ఎవరూ చెప్పకుండానే చెయ్యి దానిమీదికి పోతోంది. అన్నట్టు, ఖాళీ సీసా నింపాల్సింది ఎవరో కూడా తేల్చండి. మా వార్డులో సగం గొడవ దానిమీదే.

మైక్రో_ఎండీ:
పోస్టరు మీద ఏం రాశారు? అమెరికాలో గ్రాంట్, హాఫ్‌మన్ అనే పరిశోధకులు ఆస్పత్రిలో రెండు రకాల బోర్డులు పెట్టి చూశారు. 2011లో అచ్చయింది. ‘మీకు జబ్బు రాదు’ అన్నదానికి పెద్దగా చలనం లేదు. ‘రోగులకు జబ్బు రాదు’ అన్నచోట సబ్బు, జెల్ వాడకం పెరిగింది. మనకేం కాదులే అన్న ధీమా డాక్టర్లకి మరీ ఎక్కువ (మా వాళ్ల సంగతి నాకు తెలీదూ!).

క్వాలిటీసెల్_విజయవాడ:
అసలు చిక్కు అక్కడే సార్. రౌండ్స్‌లో పెద్ద డాక్టరు గారు రుద్దుకోకపోతే వెనకున్న పీజీలూ రుద్దుకోరు. ఆయనకి చెప్పేదెవరు?

లీడ్స్_తెలుగు:
మీరు చెప్పకండి, లెక్క చెబుతుంది. ఇంగ్లండులో యాంటీబయాటిక్స్ ఎక్కువగా రాసే జీపీలకు (అక్కడి ఫ్యామిలీ డాక్టర్లు) చీఫ్ మెడికల్ ఆఫీసర్ పేరుతో ఉత్తరం వెళ్లింది, మీ ప్రాంతంలో 80 శాతం క్లినిక్కులు మీకంటే తక్కువ రాస్తున్నాయని. వాడకం 3.3 శాతం తగ్గింది. తక్కువే అనిపిస్తుంది గానీ, అయిన ఖర్చూ ఒక ఉత్తరమే. యూనిట్లవారీ లెక్క కవర్లో పెట్టి ఇవ్వండి, నోటీసు బోర్డెక్కించారంటే ఆడిటే తప్పంటారు.

పీహెచ్‌సీ_పాడేరు:
ఆశ మరీ పెంచుకోకండి. ఉత్తరప్రదేశ్‌లో ప్రసవాలకి చెక్‌లిస్టు పెట్టి, కోచ్‌లను పంపారు. ఉన్నన్నాళ్లు బాగా పాటించారు, వాళ్ల రాక ఆగాక తగ్గింది. 2017లో వచ్చిన ఫలితాల్లో మరణాలు చెప్పుకోదగ్గంత తగ్గలేదు. స్టాఫ్ చాలనిచోట ఏ కిటుకైనా కొంతవరకే.

క్వాలిటీసెల్_విజయవాడ:
ముందు సీసాలు మారుస్తా. సిస్టర్ గారూ, మంచానికి తగిలించే హోల్డర్లు ఎక్కడ దొరుకుతాయి? మా స్టోర్స్ వాళ్లకి గోడవే తెలుసు.

సిస్టర్_గుంటూరు:
సర్జికల్ షాపులో అడగండి. రైలింగు కొలత తీసుకుని మరీ వెళ్లండి, మాకు మొదట తెచ్చినవి పట్టలేదు.