పొక్లెయిన్ అద్దె 7.5 లక్షలు ఆగింది. వానకు ఆగిన గంటలు కోస్తాం, మిగతాది గవర్నమెంట్ బిల్లు పడ్డాక అంటున్నారు. ఏం చేయాలి?

సూర్యాపేట క్లాస్-3:

అన్నలందరికీ నమస్తే. నేను ప్రభుత్వ పనులు చేసే క్లాస్-3 రిజిస్టర్డ్ కాంట్రాక్టర్‌ని. సీసీ రోడ్లు, కల్వర్టులు, చెరువు తూముల రిపేర్లు చేస్తుంటాను. సొంత పని లేని నెలల్లో నా 20 టన్నుల పొక్లెయిన్‌ని వేరేవాళ్ల సైట్లలో అద్దెకు పెడతాను. 2024 జూన్ నుంచి అక్టోబరు దాకా మా జిల్లాలోనే ఒక రోడ్డు వెడల్పు పనికి ఇచ్చాను. తీసుకున్నది పెద్ద పనులు చేసే స్పెషల్ క్లాస్ సంస్థ. పేరు ఇక్కడ రాయను.

రేటు వాళ్ల లెటర్‌హెడ్ మీదే రాసిచ్చారు. బకెట్ పనికి నెలకు 1,15,000, 200 గంటల దాకా. అది దాటితే గంటకు 575. బ్రేకర్ (రాయి పగలగొట్టే సుత్తి) కట్టిన గంటలకు అదనంగా గంటకు 1,250. డీజిల్ వాళ్లది, ఆపరేటర్ జీతం నాది, బత్తా వాళ్లది. 200 కంటే తక్కువ నడిస్తే ఏంటన్నది అందులో లేదు. ఈ లైన్‌లో ఉన్నవాళ్లకు తెలుసు, నెల రేటంటే బండి మొత్తం వాళ్ల సైట్‌కే కట్టుబడి ఉంటుంది. వాన పడిందని మరో సైట్‌కు తోలుకుపోనివ్వరు కదా.

ఐదు నెలల అద్దె 5,75,000, బ్రేకర్ 292 గంటలకు 3,65,000. మొత్తం 9,40,000. 18 శాతం జీఎస్టీతో 11,09,200. నెలనెలా ఇన్‌వాయిస్ వేశాను, ఆ జీఎస్టీ 1,69,200 నా జేబులోంచే కట్టేశాను. నాకు వచ్చింది మూడున్నర లక్షలు. వాళ్లు 1 శాతం టీడీఎస్ కోసుకున్నారు. అదీ పోను 7,49,800 రావాలి.

ఇప్పుడు వాళ్లు రెండు మాటలు చెబుతున్నారు. జూలైలో మీటరు 84 గంటలే తిరిగింది, ఆగస్టులో 66, కాబట్టి తక్కువ పడిన 250 గంటలకు 1,43,750 కోస్తాం, దానికి ముందు నువ్వు క్రెడిట్ నోట్ (ఇన్‌వాయిస్ మొత్తం తగ్గిస్తున్నట్టు కాగితం) ఇవ్వాలి అన్నది ఒకటి. మిగతాది డిపార్ట్‌మెంట్ బిల్లు పడ్డాకే అన్నది రెండోది. లాగ్‌బుక్‌లో ప్రతిరోజూ సంతకం పెట్టిన సైట్ ఇన్‌ఛార్జ్ ఉద్యోగం మానేశాడు. ఆ సంతకాలు మేం ఒప్పుకోం అని కూడా ఈ మధ్య అంటున్నారు.

ఆ వానల్లో నా ఆపరేటర్ సైట్‌లోనే రేకుల షెడ్డులో పడుకున్నాడు. అతనికి రెండు నెలల జీతం నేనిచ్చాను. బండి మీద ఫైనాన్స్ ఉంది, కిస్తీ వానొచ్చిందని ఆగదు. నేనడిగేది దానం కాదు, చేసిన పనికి అద్దె.

పోలీస్ స్టేషన్‌కు వెళ్లమని కొందరు, రిజిస్ట్రేషన్ ఇచ్చిన ఆఫీసులో కంప్లైంట్ పెట్టమని కొందరు, వాళ్ల టిప్పర్ ఒకటి ఆపేయమని ఇంకొందరు చెబుతున్నారు. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

కోదాడ హైర్:

తమ్ముడూ, టిప్పర్ జోలికి మాత్రం పోకు. నువ్వు బండి ఆపిన గంటకే వాళ్లు నీ మీద కేసు పెడతారు, ఆ తర్వాత అద్దె మాట ఎవరూ మాట్లాడరు. స్టేషన్‌లో సివిల్ మేటర్ అని పంపించేస్తారు. రిజిస్ట్రేషన్ ఆఫీసు పని డిపార్ట్‌మెంట్ పనుల గురించే, మన అద్దె బాకీలు వాళ్లు తేల్చరు.

నాకు మూడు బళ్లున్నాయి. నా లెక్కలో ముందు చూడాల్సింది లాగ్‌బుక్ కాదు, ఫారం 26ఏఎస్, అంటే నీ పేరు మీద ఎవరెంత టీడీఎస్ కట్టారో చూపే పట్టీ. ఇన్‌కం ట్యాక్స్ సైట్‌లోకి వెళ్లి 2024-25 తీసి చూడు. వాళ్లు ఎంత మొత్తం మీద టీడీఎస్ చూపించారు? మొత్తం 9,40,000 మీదనా, నీకు ఇచ్చిన పైసల మీదనా? మొత్తం మీద అయితే జూలై, ఆగస్టు బిల్లులు కూడా వాళ్ల పుస్తకాల్లో ఎక్కినట్టే. ఒప్పుకోని బిల్లును ఎవరైనా ఖాతాలో రాసుకుని టీడీఎస్ కడతారా?

ఇంకోటి. జూన్ బిల్లు పూర్తిగా ఇచ్చారా? ఆ నెల మీటరు ఎంత తిరిగింది?

సూర్యాపేట క్లాస్-3:

అన్నా, ఇప్పుడే చూశాను. ఐదు ఎంట్రీలు ఉన్నాయి, మొత్తం సరిగ్గా 9,40,000.

జూన్‌లో మీటరు 172 గంటలే. బ్రేకర్ 60 గంటలు. అద్దె 1,15,000, బ్రేకర్ 75,000, జీఎస్టీ 34,200. టీడీఎస్ 1,900 పోను 2,22,300 రావాలి, పైసా తగ్గకుండా అంతే వేశారు. మిగతా 1,27,700 జనవరి 2025లో ఆన్ అకౌంట్ (బాకీలో కొంత) అని వేశారు. 172 గంటల నెలకు పూర్తి అద్దె ఇచ్చినవాళ్లు 84 గంటల నెలకు ఎందుకు కోస్తారన్నది నాకు ఇంతవరకు తట్టలేదు.

ఖమ్మం అడ్వకేట్:

మీ కేసులో బలమైన సాక్ష్యం ఆ జూన్ బిల్లే. ఒప్పందంలో రాయని విషయం మీద రెండు పక్షాలూ ముందు ఎలా నడుచుకున్నాయో చూస్తారు. 26ఏఎస్ ఒక్కటే బాకీని రుజువు చేయదు, కానీ ఇన్‌వాయిస్‌లు, లాగ్‌బుక్‌తో కలిపి పెడితే వాళ్లకు జవాబు చెప్పడం కష్టం.

మీకు ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న సంస్థల నమోదు) ఉందా? బండి అద్దెకు ఇవ్వకముందే తీసుకున్నారా? ఉంటే మీ దారి వేరు. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థలకు ఇవ్వాల్సిన డబ్బు ఒప్పందంలో గడువు రాసుకున్నా 45 రోజులు దాటకూడదు. గడువేమీ రాసుకోకపోతే 15 రోజులే. సేవ అందిన 15 రోజుల్లోపు కొన్నవాళ్లు అభ్యంతరం లిఖితపూర్వకంగా చెప్పకపోతే ఒప్పుకున్నట్టే లెక్క. జూలై, ఆగస్టు గంటల గురించి వాళ్లు అప్పట్లో ఏమైనా రాశారా? మెయిల్, ఉత్తరం, వాట్సాప్, ఏదైనా?

గవర్నమెంట్ బిల్లు పడ్డాకే ఇస్తామని మీ కాగితంలో ఉందా? లేకపోతే ఆ షరతు ఇప్పుడు పుట్టించినది. డిపార్ట్‌మెంట్‌కూ వాళ్లకూ మధ్య ఉన్న ఒప్పందంలో మీరు లేరు. రాసి ఉన్నా 45 రోజుల హద్దు దాటించడానికి అది పనికిరాదు.

ఆలస్యానికి వడ్డీ ఆర్‌బీఐ బ్యాంకు రేటుకు మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీ. 2024లో బ్యాంకు రేటు 6.75 శాతం, అంటే వడ్డీ 20.25 శాతం. తర్వాత రేటు తగ్గుతూ వచ్చింది కాబట్టి మీ ఆడిటర్‌తో లెక్క కట్టించండి.

క్రెడిట్ నోట్ మాత్రం ఇవ్వకండి. ఇచ్చారంటే ఆ గంటలు వదులుకున్నట్టు మీరే కాగితం రాసిచ్చినట్టు. మిగతా డబ్బు మీ ఖాతాలో పడి, రాజీ పత్రం మీద రెండువైపులా సంతకాలయ్యాక ఆ సంగతి ఆలోచించవచ్చు.

ఒంగోలు క్లాస్-1:

ఈ చర్చలో అందరూ బండి ఓనర్ పక్షమే మాట్లాడుతున్నారు, నేను రెండోవైపు మాట కూడా చెబుతాను. డిపార్ట్‌మెంట్ పని చేసేవాడికి ఎం-బుక్ (పని కొలతల పుస్తకం) రికార్డయి, చెక్ మెజర్‌మెంట్ (పై అధికారి కొలతల తనిఖీ) అయి, బిల్లు పాసయి, ఆ తర్వాత కూడా డబ్బు పడటానికి నెలలు పడుతుంది. ఆంధ్రలో, తెలంగాణలో పెండింగ్ బిల్లుల బాధ ఈ ఫోరంలో అందరికీ తెలుసు. సిమెంటు, తారు, కూలీలు, డీజిల్ అన్నిటికీ ముందే పెట్టుబడి పెట్టాలి. చేతిలో లేక ఆపడం వేరు, ఎగ్గొట్టడం వేరు.

అయినా తమ్ముడూ, నీ విషయంలో వాళ్లు చేసింది తప్పే. లేదంటే లేదని చెప్పి తేదీ ఇవ్వాలి. రాసిచ్చిన రేటును తర్వాత కోయకూడదు. నేనైతే గొడవ ఉన్న 1,43,750, దాని మీద జీఎస్టీ పక్కన పెట్టి, గొడవ లేని ఐదున్నర లక్షల పైచిలుకు ముందు ఇచ్చేయమని అడుగుతాను. ఇస్తే కోర్టు ఖర్చు తప్పుతుంది.

బిల్లు నిజంగా పడలేదా అన్నది కూడా తేల్చుకో. అది ఆర్ అండ్ బీ (రోడ్లు, భవనాల శాఖ) పని అయితే డివిజన్ ఆఫీసులో సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టు. 10 రూపాయల ఫీజు, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఆ పనికి ఎన్ని రన్నింగ్ బిల్లులు (పని నడుస్తుండగా పెట్టేవి) పాసయ్యాయి, ఏ తేదీన ఎంత చెల్లించారు, రాక్ కటింగ్ కొలతలున్న ఎం-బుక్ పేజీల నకళ్లు, ఇవి అడుగు. రాతి కోతకు బిల్లు తీసుకున్నారంటే నీ బ్రేకర్ అక్కడ పనిచేసినట్టు వాళ్ల బిల్లే చెబుతుంది.

సూర్యాపేట క్లాస్-3:

ఒంగోలు అన్నా, నిజం చెప్పావు. నా సీసీ రోడ్ల బిల్లులు కూడా ఆగినవి ఉన్నాయి, ఆ బాధ నాకూ తెలుసు. కానీ ఆ బాధను నా ఆపరేటర్ మీదకు తోసేయలేదు.

లాయర్ గారూ, ఉద్యమ్ 2022లోనే తీసుకున్నాను. సివిల్ పనులతోపాటు మిషనరీ అద్దె కూడా అందులో రాసి ఉంది. గంటల గురించి వాళ్ల నుంచి ఒక్క మెసేజ్ కూడా లేదు. పైగా ఆగస్టులో బండి తీసుకుపోతానని నేను వాట్సాప్ పెడితే, "వద్దు, వాన తగ్గగానే రాక్ మొదలుపెట్టాలి, బండి సైట్‌లోనే ఉండాలి" అని ప్రాజెక్ట్ మేనేజర్ రిప్లై ఇచ్చాడు. అది ఇంకా ఫోన్‌లో ఉంది.

ఖమ్మం అడ్వకేట్:

ఆ మెసేజ్‌తో ఆగిన గంటల వాదన చాలా బలహీనపడుతుంది. బండిని ఆపి ఉంచింది వాన కాదు, వాళ్ల మేనేజర్. ఆ ఫోన్ మార్చకండి, చాట్ డిలీట్ కానివ్వకండి. 2024 జూలై 1 నుంచి కొత్త సాక్ష్య చట్టం అమల్లో ఉంది. ఎలక్ట్రానిక్ రికార్డు పెట్టాలంటే సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ కావాలి. వట్టి స్క్రీన్‌షాట్ ప్రింటు తీసి పెడితే అభ్యంతరం చెబుతారు.

సైట్ ఇన్‌ఛార్జ్ మానేసినా అతని సంతకం చెల్లకుండా పోదు. పెట్టిన రోజున అతను వాళ్ల మనిషి. లాగ్‌బుక్ కార్బన్ కాపీలు కాకుండా అసలు పుస్తకమే మీ దగ్గర ఉంచుకోండి, ఎవరడిగినా జిరాక్స్ ఇవ్వండి.

ఇక వరుస ఇది. ముందు స్పీడ్ పోస్టులో లీగల్ నోటీసు. అసలు ఎంత, వడ్డీ ఎంత విడివిడిగా రాసి, జూన్ బిల్లు, మేనేజర్ మెసేజ్ రెండూ అందులో ప్రస్తావించాలి. వాళ్ల ఆడిటర్‌కు అర్థమయ్యే మాటలు రెండు కలపండి. చిన్న సంస్థకు గడువులోపు ఇవ్వని మొత్తాన్ని ఇచ్చేదాకా ఖర్చుగా చూపుకోవడానికి ఆ ఏడాదికి వర్తించే 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం 43బి(హెచ్) ఒప్పుకోదు. ఇన్‌వాయిస్ తేదీ నుంచి 180 రోజుల్లో మీకు చెల్లించకపోతే తీసుకున్న జీఎస్టీ క్రెడిట్‌ను వాళ్లు వడ్డీతో వెనక్కి కట్టాలి. ఓనర్‌కు పట్టకపోయినా ఆడిటర్‌కు ఇవి పడతాయి.

నోటీసుకు కదలకపోతే ఎంఎస్ఎంఈ ఫెసిలిటేషన్ కౌన్సిల్‌లో క్లెయిమ్ వేయండి, ఆన్‌లైన్‌లోనే వేయొచ్చు. ముందు రాజీ ప్రయత్నం, కుదరకపోతే ఆర్బిట్రేషన్ (మధ్యవర్తి తీర్పు). చట్టంలో 90 రోజులని ఉంది, నడక అంతకంటే నెమ్మదే. అయినా ఒక పెద్ద లాభం ఉంది. అవార్డు, అంటే ఆ తీర్పు, మీకు వస్తే, దాన్ని కొట్టేయించాలనుకునే అవతలి పక్షం 75 శాతం ముందు డిపాజిట్ చేయాలి. రెండో దారి కమర్షియల్ కోర్టు, 3 లక్షలు దాటింది కాబట్టి వేయొచ్చు. అత్యవసర ఉత్తర్వు అడగకపోతే దావాకు ముందు మీడియేషన్ తప్పనిసరి. మీకు నేను కౌన్సిలే చెబుతాను.

గడువు మరచిపోకండి. అద్దె ఇవ్వాల్సిన తేదీ నుంచి మూడేళ్లు. జూలై 2024 బిల్లు నుంచి లెక్క వేసుకోండి. జనవరి 2025లో వచ్చిన డబ్బుతో గడువు కొత్తగా మొదలైందని వాదించవచ్చు, కానీ దాని మీద ఆధారపడి ఆలస్యం చేయొద్దు.

కోదాడ హైర్:

ఒంగోలు అన్న చెప్పినట్టు గొడవ లేని మొత్తానికి వాళ్లు చెక్కులు ఇస్తామంటే తీసుకో. తేదీ లేకుండా మాత్రం తీసుకోకు. చెక్కు మీద తేదీ నుంచి మూడు నెలల్లో వేయాలి. బౌన్స్ అయితే బ్యాంకు మెమో అందిన 30 రోజుల్లో నోటీసు, వాళ్లకు 15 రోజులు టైం, ఆ తర్వాత నెలలోపు కేసు. ఇందులో ఒక్క తేదీ తప్పినా ఇబ్బంది. "ఫుల్ అండ్ ఫైనల్" అని ఎక్కడైనా రాసి ఉంటే సంతకం పెట్టకు, "బాకీలో కొంత భాగం ముట్టింది" అని రాసి పెట్టు.

సూర్యాపేట క్లాస్-3:

అందరికీ చాలా థ్యాంక్స్. ఆర్టీఐ దరఖాస్తు రాసేశాను, పనిదినం చూసి డివిజన్ ఆఫీసులో ఇస్తాను. నోటీసు డ్రాఫ్ట్‌కు 26ఏఎస్, జూన్ బ్యాంకు స్టేట్‌మెంట్, వాట్సాప్ ప్రింట్లు తీసి పెట్టాను. వీళ్ల దగ్గరే రేపు సబ్ కాంట్రాక్టు దొరుకుతుంది, ఎందుకు చెడగొట్టుకుంటావని ఇంట్లో, బయటా అంటున్నారు. అద్దె ఇవ్వనివాళ్లు రేపు సబ్ బిల్లు మాత్రం ఎలా ఇస్తారని నేను అడుగుతున్నాను.

లాయర్ గారూ, ఒక డౌట్ మిగిలింది. నేను సూర్యాపేటలో, వాళ్ల ఆఫీసు హైదరాబాద్‌లో. కౌన్సిల్ కేసు ఎక్కడ వేయాలి?

ఖమ్మం అడ్వకేట్:

సరఫరాదారు ఎక్కడుంటే అక్కడి కౌన్సిల్‌కే అధికారం, అది చట్టంలోనే ఉంది. కొన్నవాళ్లు దేశంలో ఎక్కడున్నా సరే. మీరు తెలంగాణలోనే వేస్తారు. నోటీసు మాత్రం రెండు చిరునామాలకూ పంపండి, సైట్ ఆఫీసుకూ, రిజిస్టర్డ్ ఆఫీసుకూ. పోస్టు రసీదులు, ముట్టినట్టు రుజువులు దాచిపెట్టండి.