సమాజం చెడిపోవడానికి టీవీయే కారణమా? మా మీటింగ్‌లో తెగలేదు

పటమట వాసి (ప్రశ్న)
మొన్న ఆదివారం మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ మీటింగ్ లిఫ్టు రిపేరుతో మొదలై టీవీ మీదికి మళ్లింది. పక్క వీధిలో ఒక కుర్రాడు గంజాయితో దొరికాడు. దాంతో పెద్దవాళ్లంతా "టీవీలొచ్చాకే ఇదంతా" అని మొదలుపెట్టారు. కట్నాలు, విడాకులు, రౌడీయిజం, కులాల కొట్లాటలు, అన్నీ దాని ఖాతాలోనే రాసేశారు. నాకది మింగుడు పడలేదు. గట్టిగా కాదందామంటే చేతిలో ఆధారం లేదు. మీరేమంటారు?

గుంటూరు కేబుల్ ఆపరేటర్
సార్, వీసీఆర్‌లో సినిమా పెట్టి వీధికంతా వైరు లాగిన రోజుల నుంచీ నాది ఇదే పని. బాక్సు పాడైతే ఇంట్లోకి వెళ్లాల్సిందే కాబట్టి, ఎవరింట్లో రిమోట్ ఎవరి చేతిలో ఉంటుందో నాకు తెలుసు.

మీ పెద్దవాళ్లకు కొన్ని సంవత్సరాలు గుర్తుచేయండి. వరకట్న నిషేధ చట్టం 1961లో వచ్చింది. హైదరాబాద్ దూరదర్శన్ మొదలైంది 1977లో. చట్టం చేయాల్సినంతగా కట్నం ముదిరేనాటికి మన ఇళ్లలో టీవీయే లేదు. 1988 డిసెంబరులో ఎమ్మెల్యే వంగవీటి రంగా హత్య తర్వాత బెజవాడ తగలబడినప్పుడు మనకున్నది ఒక్క దూరదర్శనే. 1991 ఆగస్టులో, అప్పటి మన జిల్లాలోని చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపేశారు. సినిమా హాల్లో కాలు తగిలిందన్న దగ్గర మొదలైంది ఆ తగాదా. అంత పని చేయించింది కులం. తెలుగులో ప్రైవేటు ఛానెళ్లు 1995లో గాని రాలేదు.

అలాగని టీవీని నేను వెనకేసుకు రాను. మన రాష్ట్రంలో ఏ న్యూస్ ఛానెల్ ఏ పార్టీ వైపో చిన్నపిల్లాడైనా చెప్తాడు. మా లైన్లో ఒక ఇల్లుంది. కింద అన్న, మేడ మీద తమ్ముడు. ఒకే స్ప్లిట్టర్ నుంచి రెండు వైర్లు వెళ్తాయి. రాత్రయ్యేసరికి కింద ఒక పార్టీ డిబేట్, పైన ఇంకో పార్టీ డిబేట్, రెండూ వీధిలోకి వినపడతాయి. 2024 ఎన్నికల తర్వాత వాళ్లకు మాటల్లేవు. తల్లి ఆబ్దికం కూడా విడివిడిగా పెట్టుకున్నారు. ఆస్తి గొడవ లేదు, ఆడవాళ్ల మధ్య పొరపొచ్చాలు లేవు. ఈ చిచ్చు మాత్రం అచ్చంగా టీవీ పెట్టిందే. వైరు లాగినవాడిగా నాకు చాలా బాధేస్తుంది.

ఇంకో సంగతి. బాక్సు ఆన్ చేయగానే ముందుగా వచ్చే ఛానెల్ మీరు కోరుకున్నది కాదు. ఆ చోటు కోసం ఛానెళ్లు పెద్ద కేబుల్ కంపెనీలకు డబ్బు కడతాయి. ఏ ఛానెల్ ఎంతమంది చూస్తున్నారో లెక్కగట్టే రేటింగ్ మీటర్లు ఉండేది కొద్ది ఇళ్లలోనే, యాడ్స్ ధర పలికేది ఆ లెక్క మీదే. అందుకే అంత అరుపులు.

కృష్ణలంక గృహిణి
అన్నా, సీరియల్స్‌ను వదిలేశారేం? కోడలిని చెంపదెబ్బ కొడితే ముందు నుంచి ఒకసారి, పక్క నుంచి ఒకసారి, ఢాంఢాం అని మ్యూజిక్‌తో మూడుసార్లు చూపిస్తారు. మా బాబుకి ఎనిమిదేళ్లు. చెల్లెల్ని కొట్టి, "ఇప్పుడు నువ్వు మెల్లగా తల తిప్పాలి" అని దాని గడ్డం పట్టుకుని తిప్పుతున్నాడు. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. ఆడపిల్లని కొట్టడం టీవీ నేర్పిన విద్య కాదు, ఒప్పుకుంటాను. కానీ రోజూ భోజనాల వేళకి అది చూసీ చూసీ మాకు అలవాటైపోయింది.

గుంటూరు కేబుల్ ఆపరేటర్
నిజమేనమ్మా, దాన్ని నేను తక్కువ చేయను. ఫిర్యాదు చేయండి. 2021లో కేబుల్ టీవీ నిబంధనలు మార్చారు. ముందు ఛానెల్‌కే రాయాలి, వాళ్లు 15 రోజుల్లో తేల్చాలి. తేల్చకపోతే ఛానెళ్ల స్వీయ నియంత్రణ సంస్థకు, ఆ పైన కేంద్ర సమాచార ప్రసార శాఖ దాకా వెళ్లొచ్చు. సీరియల్ పేరు, తేదీ, టైము, ఏ సీనో స్పష్టంగా రాయండి. నాకు ఫోన్ చేసి తిట్టేవాళ్లు బోలెడుమంది, ఛానెల్‌కు రాసినవాళ్లు మాత్రం నాకింతవరకూ తగల్లేదు.

పటమట సార్, గంజాయి ఛానెల్లోంచి రాదు, అమ్మేవాడి దగ్గర నుంచి వస్తుంది. దాని కోసమే పోలీసుల 'ఈగల్' విభాగానికి 1972 అనే టోల్‌ఫ్రీ నంబరుంది. మీ మీటింగ్‌లో టీవీ సంగతి పక్కనపెట్టి ముందు ఆ ఫోన్ చేయించండి. ఆ కుర్రాడి ఇంటికి కూడా ఎవరో ఒకరు వెళ్లి, వాళ్లమ్మతో మాట్లాడండి.