పాత థండర్‌బర్డ్‌ను కెఫే రేసర్‌గా మార్చడానికి ఛాసిస్ కోయక తప్పదా?

ప్రశ్న:
నా దగ్గర 2010 నాటి రాయల్ ఎన్‌ఫీల్డ్ థండర్‌బర్డ్ ట్విన్‌స్పార్క్ ఉన్నది. మా నాన్నగారు కొన్న బండి అది. ఆయన వెనక కూర్చుని శ్రీశైలానికీ, అనంతగిరికీ ఎన్నిసార్లు వెళ్లానో లెక్క లేదు. మోకాళ్ల నొప్పుల వల్ల ఇప్పుడు ఆయన నడపడం మానేసి, బండిని నాకు అప్పగించారు. ఆ ఎత్తైన హ్యాండిల్, మెట్టు సీటు దూరప్రయాణాలకు బాగానే ఉంటాయి గాని, నాకు చిన్నప్పటి నుంచి కెఫే రేసర్ (హ్యాండిల్ దించి, ముందుకు వంగి నడిపేలా మార్చిన బండి) అంటే ప్రాణం. బాలానగర్‌లో ఒక వెల్డింగ్ షెడ్డు వారిని అడిగితే, సీటు కింద ఛాసిస్‌ను కోసి గుండ్రటి పైపు అతికిస్తే తప్ప ఆ రూపం రాదన్నారు. నిజంగా అంతేనా? బండి ఆర్సీ గడువు కూడా ఈ మధ్యనే ముగిసింది. ముందు ఏ పని చేయించాలో తెలిసినవారు చెప్పగలరు.

మొదటి సమాధానం:
ముందు ఆర్సీ పని చూడండి. పదిహేనేళ్లు నిండిన బండిని ఫారం 25తో దరఖాస్తు చేసి, తనిఖీకి చూపించి, మరో ఐదేళ్లకు రెన్యూవల్ చేయించుకోవాలి. ఆ తనిఖీకి బండి కంపెనీ నుంచి వచ్చిన రూపంలోనే వెళ్లడం మంచిది. రెన్యూవల్ పూర్తయ్యేదాకా ఒక్క బోల్టు కూడా విప్పవద్దని నా మనవి.

ఇక కోత సంగతి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, ఆర్సీలో ఉన్న వివరాలు తయారీదారు ఇచ్చిన వివరాలతో విభేదించేలా యజమాని బండిని మార్చకూడదు. సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఇచ్చిన తీర్పులో ఈ విషయాన్నే గట్టిగా చెప్పింది. అదే ఏడాది చేసిన సవరణ ప్రకారం, అనుమతి లేని ప్రతి మార్పుకూ ఐదు వేల రూపాయల జరిమానా గాని, ఆరు నెలల వరకు జైలు గాని, రెండూ గాని పడవచ్చు. సీటింగ్ కెపాసిటీ రెండు అని ఆర్సీలో రాసి ఉన్న బండికి ఒంటి సీటు బిగించి, వెనక ఫుట్‌రెస్టులు కోసేస్తే ఏమని సమాధానం చెప్పుకుంటాం? రంగు మార్చినా ఆర్సీలో నమోదు చేయించుకోవాలి.

రెండవ సమాధానం:
ఛాసిస్ కోయనవసరం లేదండి. లండన్‌లో ఏస్ కెఫే అనే హోటల్ దగ్గర చేరిన తొలినాటి కెఫే రేసర్ కుర్రవాళ్లు హ్యాండిల్ దించి, ఫుట్‌రెస్టులు వెనక్కి జరిపి, అక్కరలేని బరువు తీసేశారు. గాలికి ఎదురు నిలవకుండా వేగంగా పోవడమే వారి ఉద్దేశం. అందువల్ల కూర్చునే తీరు మారితేనే అది కెఫే రేసర్ అవుతుంది. తోక కోసినంత మాత్రాన కాదు.

సీటు కింద ఇప్పుడున్న ఛాసిస్ పైపుల మీదే, ఉన్న బోల్టు రంధ్రాలకే సరిపోయేలా కొత్త సీటు బేస్ చేయించండి. టాంకు కింది అంచు, సీటు అడుగు ఒకే గీతలో కనబడితే సగం రూపం వచ్చేసినట్టే. ఇద్దరికీ చాలే సీటు చేయించి, వెనక భాగం మీద విప్పగలిగే మూత పెట్టించుకుంటే, అమ్మగారిని ఎక్కించుకోవలసిన రోజున దాన్ని తీసేయవచ్చు.

అసలు జాగ్రత్త హ్యాండిల్ దగ్గర పడాలి. క్లిప్-ఆన్‌లు (రెండు ముక్కలుగా ఉండే పొట్టి హ్యాండిళ్లు) నేరుగా ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కు గొట్టాలకే బిగుస్తాయి గనుక, గొట్టం బయటి వ్యాసాన్ని వెర్నియర్ కొలత పరికరంతో కొలిపించిన తరువాతే పుత్లీబౌలికి గాని, రాణీగంజ్‌కు గాని వెళ్లి కొనండి. బిగించాక హ్యాండిల్‌ను రెండు వైపులా పూర్తిగా తిప్పి చూడండి. బొటనవేలు టాంకుకూ పిడికీ మధ్య నలిగితే అది ట్రాఫిక్‌లో యూటర్న్ దగ్గర మిమ్మల్ని పడేస్తుంది. క్లచ్, యాక్సిలరేటర్ కేబుళ్లు, బ్రేకు గొట్టం పాత ఎత్తుకు తగినవి కాబట్టి అవి ఇప్పుడు వంకర్లు తిరుగుతాయి. హ్యాండిల్ తిప్పినప్పుడు ఇంజను ఆర్‌పీఎం దానంతట అదే పెరిగితే కేబుల్ లాగుతోందని అర్థం.

ఫుట్‌రెస్టులు వెనక్కి జరిపితే గేరు లింకు, వెనక డ్రమ్ బ్రేకు రాడ్డు కొత్తగా చేయించాలి, కిక్కర్ తిరిగే దారికి అడ్డం రాకుండా చూసుకోవాలి. నా బండికి ఈ చివరి సంగతి మరిచిపోయి, వర్షాకాలంలో బ్యాటరీ దిగినరోజున అమీర్‌పేట నుంచి సైనిక్‌పురి దాకా ఆటో ట్రాలీలో తెచ్చుకున్నాను.

ఎయిర్ ఫిల్టర్ పెట్టె తీసేసి, నేరుగా కార్బ్యురేటర్ మూతికి తగిలించే పాడ్ ఫిల్టర్ పెట్టమంటారు, ఒప్పుకోకండి. ఈ బండికున్న సీవీ రకం కార్బ్యురేటర్ లోపలి పిస్టన్ గాలి ఒరవడిని బట్టే లేస్తుంది. పెట్టె పోతే మధ్య వేగంలో బండి తడబడుతుంది, జెట్లు (పెట్రోలు పారే చిన్న రంధ్రాల ముక్కలు) మార్చుకుంటూ నెలలు గడిచిపోతాయి.

మూడవ సమాధానం:
సైలెన్సర్ జోలికి వెళ్లవద్దు. 175 సీసీ దాటిన మోటారు సైకిళ్లకు శబ్ద పరిమితి 80 డెసిబెల్స్, మన నగరంలో పోలీసులు ముందు వినేది దాన్నే. మరొక మాట. ఔటర్ రింగ్ రోడ్డు ప్రధాన మార్గం మీదికి ద్విచక్ర వాహనాలను రానివ్వరు. మీ ప్రయాణంలో ఎక్కువ భాగం స్పీడ్ బ్రేకర్ల మీదే గనుక, క్లిప్-ఆన్‌లను మరీ కిందికి దించకండి. మణికట్లు అరగంటలో మొరాయిస్తాయి.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. కోతకు ఇచ్చిన అడ్వాన్సు వెనక్కి తీసుకున్నాను. సోమవారం ఫారం 25 పెడుతున్నాను. విప్పే ప్రతి భాగాన్నీ పేరు రాసి అట్టపెట్టెలో దాచిపెట్టమని నాన్నగారు అన్నారు. మెట్టు సీటు మాత్రం తన గదిలోనే ఉంచమన్నారు.