అమెరికన్ డ్రీమ్ మాల్ లోపలి నికలోడియన్ పార్కు: పిల్లలు, పెద్దవాళ్లతో వెళ్లినవాళ్లు కాస్త చెప్పండి

మన్రో_మాధవి:
అందరికీ నమస్తే. ఈ చలికాలం అత్తయ్య, మామయ్య మా దగ్గరే ఉన్నారు. బాబుకి తొమ్మిదేళ్లు, పాపకి నాలుగు. బయట ఆడుకునే వీల్లేక పిల్లలిద్దరూ ఇల్లు పీకి పందిరేస్తున్నారు. అందుకే న్యూజెర్సీ ఈస్ట్ రూథర్‌ఫర్డ్‌లోని అమెరికన్ డ్రీమ్ మాల్‌కి ఒక రోజు వెళ్దామనుకుంటున్నాం. అందులోని నికలోడియన్ థీమ్ పార్కుకి వెళ్లాలా, వాటర్ పార్కుకా? రెండూ ఒకే రోజు కుదరవు కదా. రైడ్లు ఎక్కని పెద్దవాళ్లకీ టికెట్ కొనాలా? వెజ్ తిండి ఏం దొరుకుతుంది? ఆదివారం జనం తక్కువగా ఉంటారని ఎవరో అన్నారు, నిజమేనా?

జెర్సీ_చిన్నోడు:
అక్కా, మిగతావన్నీ తర్వాత, ముందు షెల్‌రైజర్ ఎక్కు. నింజా తాబేళ్ల కార్టూన్ పేరు మీద ఉన్న ఆకుపచ్చ రోలర్ కోస్టర్. మొదట చీకట్లోంచి ఒక్కసారిగా లాక్కెళ్లి గిరికీలు కొట్టిస్తుంది, అయిపోయిందిలే అనుకునేలోపు మనల్ని వెల్లకిలా పడుకోబెట్టి నిట్టనిలువుగా పైకి తీసుకెళ్తుంది. పైన 141 అడుగుల ఎత్తులో మెల్లగా ముందుకు వంగి ఆగుతుంది. కాళ్ల కింద ఏమీ ఉండదు, చూపు తిన్నగా కిందికే. నిట్టనిలువంటే 90 డిగ్రీలే కదా, ఇది 121.5. అంటే పట్టా మన కిందినుంచి లోపలికి ముడుచుకుపోతుంది. 2019లో తెరిచినప్పుడు జపాన్ ఫుజీక్యూ పార్కులోని తకాబిషా కోస్టర్‌ని సరిగ్గా అర డిగ్రీ తేడాతో దాటేసి ప్రపంచంలోకెల్లా ఏటవాలు కోస్టర్ అయింది. ఇంటి పక్కన ఇలాంటిది పెట్టుకుని వాటర్ పార్కు గురించి అడగడమేంటి!

గోదారిగట్టు:
ఆదివారం మాత్రం వెళ్లకండి మాధవి గారూ. మా అమ్మ రాజమండ్రి తిరుగు ప్రయాణానికి ముందు ఆఖరి ఆదివారం అక్కడికే వెళ్లాం. మనవలకి బట్టలు, చెల్లెళ్లకి హ్యాండ్‌బ్యాగులు, ఒక పెద్ద సూట్‌కేస్, చీటీ రాసుకుని మరీ బయల్దేరింది పాపం. వెళ్లి చూస్తే బట్టల కొట్లన్నీ షట్టర్లు దించి ఉన్నాయి. పార్కు నడుస్తోంది, ఐస్ రింక్ నడుస్తోంది, తిండి దొరుకుతోంది, బట్టలే లేవు. ఇంత పెద్ద మాల్‌లో ఆదివారం కొట్లు మూసేయడమేంటో ఇప్పటికీ అర్థం కాదు. అమ్మ ఫ్లైట్ ఎక్కేదాకా ఆ మాటే.

పారమస్_పక్కింటోడు:
అది మాల్ వాళ్లు పెట్టుకున్న సెలవు కాదండీ, బెర్గెన్ కౌంటీ చట్టం. బ్లూ లాస్ అంటారు. ఆదివారం బట్టలు, చెప్పులు, ఫర్నిచర్, ఎలక్ట్రానిక్స్ అమ్మకూడదు. కూరగాయలు, మందులు, హోటళ్లు, వినోదాలకి అడ్డులేదు. 1993లో ఓటింగ్ పెడితే జనమే ఉంచుకుందామన్నారు. నేను ఇక్కడే ఉంటాను, వారానికి ఒక్క రోజైనా రూట్ 17 మీద ట్రాఫిక్ లేకుండా హాయిగా ఉంటుంది. మీలాంటి వేరే కౌంటీ వాళ్లకి తెలియకపోతే అది చట్టం తప్పు కాదు.

గోదారిగట్టు:
తెలియకపోవడం గురించి కాదు నేను చెప్పేది. ఉద్యోగాలు చేసుకునేవాళ్లకి వారంలో దొరికేదే రెండు రోజులు. శనివారం పిల్లల క్లాసులకే సరిపోతుంది. మీ రోడ్డు ప్రశాంతంగా ఉండాలని పక్క కౌంటీల వాళ్లం షాపింగ్ మానుకోవాలా?

జెర్సీ_చిన్నోడు:
ఒక్క నిమిషం, ఈమధ్య ఆదివారం నేను అక్కడే బూట్లు కొన్నాను. అన్నీ మూసి ఉంటాయనడం తప్పు.

పారమస్_పక్కింటోడు:
అదే గొడవ. ఆ స్థలం రాష్ట్రానిది, మాకు కౌంటీ చట్టం వర్తించదు అని మాల్ వాదన. కొన్ని కొట్లు ఆదివారం తెరుస్తున్నారని ఇదే కౌంటీలోని పారమస్ ఊరు 2025లో కోర్టుకెక్కింది. పారమస్‌లోని గార్డెన్ స్టేట్ ప్లాజా మాల్ నోరుమూసుకుని చట్టం పాటిస్తుంటే వీళ్లకొక్కళ్లకే మినహాయింపు ఏ లెక్కన ఇవ్వాలి? నాకు ఒళ్లు మండేది అక్కడే.

మిన్నెసోటా_మంచు:
మీ గొడవ మీరు పడండి గానీ, ఈ మాల్ పార్కుల సంగతి మా బ్లూమింగ్టన్ వాళ్లని అడగండి. మాల్ ఆఫ్ అమెరికా 1992 ఆగస్టులో తెరిచిన రోజు నుంచీ మధ్యలో పార్కు ఉంది. అప్పట్లో క్యాంప్ స్నూపీ, 2008 నుంచి నికలోడియన్ యూనివర్స్. మా దగ్గర పార్కుకి గేటే లేదు. ఎవరైనా ఊరికే లోపల తిరగొచ్చు, రైడ్ ఎక్కేవాళ్లే డబ్బు కట్టాలి. మా నాన్నగారు గంటలు గంటలు బెంచీ మీద కూర్చుని మనవరాలు గుర్రాల రంగులరాట్నం తిరుగుతుంటే చూసేవారు, ఒక్క డాలరు ఖర్చు లేదు. అదే స్థలంలో ఇంతకుముందు బేస్‌బాల్ స్టేడియం ఉండేది. కిల్లెబ్రూ అనే ఆటగాడు 1967లో 520 అడుగులు కొట్టిన బంతి పడిన కుర్చీకి గుర్తుగా పార్కు గోడకి పైన ఎర్ర కుర్చీ బిగించారు. పెద్దవాళ్లకి అది చూపించండి, క్రికెట్ తెలిసినవాళ్లెవరైనా నోరెళ్లబెడతారు.

మన్రో_మాధవి:
మేం న్యూజెర్సీలో ఉన్నామండీ, మిన్నెసోటాకి రాలేం. అత్తయ్య టికెట్ సంగతి ఎవరైనా చెప్తారా?

కరీంనగర్_కవిత:
మాధవీ, టికెట్ కంటే ముందు బాబు ఎత్తు కొలుచుకో. పెద్ద కోస్టర్లన్నిటికీ ఎత్తు గీత ఉంటది. లైన్లో నిలబడి నిలబడి చివర్లో ఆపితే పిల్లాడి ఏడుపు చూడలేం. మావాడిని ఇంకో రాష్ట్రంలో ఒక పార్కులో (ఏదో చెప్పను) అర అంగుళం తక్కువని వెనక్కి పంపారు. మర్నాడు బూట్లలో రెండేసి మెత్తలు వేసి, జుట్టు పైకి దువ్వి తీసుకుపోయిన. దర్జాగా ఎక్కిండు. దిగినాక వాడి మొహం వెలిగిపోయింది. అర అంగుళానికి ఇంత రాద్ధాంతం అవసరం లేదు.

మెకానికల్_మూర్తి:
ఈ సలహా ఎవరూ పాటించకండి, చేతులెత్తి దండం పెడుతున్నాను. ఇరవై ఏళ్లుగా యంత్రాల భద్రతలో పని చేస్తున్నాను, రైడ్ల తనిఖీ బృందాలతో కూడా తిరిగాను. ఎత్తు గీత అనేది టికెట్ గేటు దగ్గర ఎవరికో తోచిన అంకె కాదు, ఆ రైడ్ తయారు చేసిన కంపెనీ ఇస్తుంది. షెల్‌రైజర్ జర్మనీకి చెందిన గెర్స్ట్‌లాయర్ వాళ్లది. మనిషిని సీట్లో పట్టి ఉంచేది తొడల మీద, ఒంటి మీద వచ్చి పడే బార్. అది సరిగ్గా కూర్చోవాలంటే తొడ పొడవు ఉండాలి, మోకాలు సీటు అంచు దగ్గర వంగాలి, నడుం బార్ వెనక ఆనాలి. ఇవన్నీ ఒక్కో పిల్లాడికి కొలవలేరు కాబట్టి ఎత్తుని గుర్తుగా పెట్టుకున్నారు. బూట్లో మెత్త వేస్తే తల పైకి లేస్తుంది, తొడ పొడవు పెరగదు కదమ్మా! సీట్లో కూర్చున్నాక ఆ పిల్లాడు మళ్లీ అదే చిన్న పిల్లాడు. తలకిందులైనప్పుడు ఒళ్లు బార్ కింద నుంచి జారడానికి వేలెడు సందు చాలు.

కరీంనగర్_కవిత:
మూర్తి గారూ, మీ అనుభవం మీకుంటది. నా కొడుకు నాకు తెలుసు. సీట్లో కూర్చున్నాక అక్కడి పిల్ల వచ్చి బార్ రెండుసార్లు లాగి చూసింది, గట్టిగానే ఉంది. ఏమీ కాలేదు కూడా.

మెకానికల్_మూర్తి:
ఏమీ కాలేదు అనేది రుజువు కాదు. బార్ గట్టిగా ఉండటం వేరు, ఆ బార్ వెనక పిల్లాడు గట్టిగా ఉండటం వేరు. లాగి చూసేది లాక్ పడిందా లేదా అని మాత్రమే.

ఎడ్మంటన్_శ్రీను:
మూర్తి గారితో నేను ఏకీభవిస్తాను. అమెరికన్ డ్రీమ్, మాల్ ఆఫ్ అమెరికా నడిపే ట్రిపుల్ ఫైవ్ వాళ్ల మొదటి మాల్ మా ఊరిదే, కెనడాలోని వెస్ట్ ఎడ్మంటన్ మాల్. 1986 జూన్ 14న అక్కడి మైండ్‌బెండర్ కోస్టర్ చివరి బండి చక్రాల భాగం ఊడిపోయి పట్టాలు తప్పింది. తొడల మీది బార్లు తెరుచుకుని మనుషులు బయటికి విసిరేసినట్టు పడ్డారు. ముగ్గురు చనిపోయారు. ఆ తర్వాతే దానికి భుజాల మీద పట్టీలు పెట్టి, బండ్లు మార్చి మళ్లీ నడిపారు. 2023లో పూర్తిగా తీసేశారు. ఈ ఊళ్లో పాతకాలం వాళ్లు ఇప్పటికీ ఆ రోజు గురించి గొంతు తగ్గించి మాట్లాడతారు. ఆ భుజాల పట్టీల్లాంటివి అలాంటి రోజుల తర్వాత వచ్చినవే.

కరీంనగర్_కవిత:
అది యంత్రం లోపం, ఎత్తుతో సంబంధం లేదు. ముగ్గురు పోయిన సంగతి తెచ్చి ఒక తల్లిని భయపెట్టుడు మంచిది కాదు.

ఎడ్మంటన్_శ్రీను:
మిమ్మల్ని భయపెట్టాలని కాదక్కా. యంత్రం లోపమే, ఒప్పుకుంటాను. కానీ యంత్రం మొండికేసిన రోజున మనిషిని కాపాడేది ఆ బార్ ఒక్కటే. అది ఒంటికి సరిపోవాలి. నేను చెప్పేది అంతే.

పాలమూరు_పిల్ల:
కవితక్కా, నా తమ్ముడు పొట్టి. మేమూ గీత దగ్గర ఆగిపోయినం. వాడు ఏడ్చిండు, షెల్‌రైజర్ పక్కకి తిరిగి కూడా చూడలే. కానీ ఆ పార్కుల చిన్నోళ్లకి బోలెడున్నయ్. పెద్దోళ్లతో కలిసి ఎక్కేవి వేరే గీత, పాప ఎత్తుకి తగ్గవి కూడా ఉంటయ్. ఒక్కటే రైడ్ కోసం కొట్లాడుకునుడు దేనికి?

మెకానికల్_మూర్తి:
ఇంకో విషయం కూడా చెప్పాలి, లైను గురించి అందరూ తిట్టుకుంటారు కాబట్టి. షెల్‌రైజర్ రకం కోస్టర్‌కి పొడవాటి రైలు ఉండదు, చిన్న బండి, ఎనిమిది మందే పడతారు. పైగా నిట్టనిలువు కొన మీద ఆగి ఆగి వెళ్తుంది. అందుకే గంటకి తక్కువ మందిని తిప్పగలదు, బయట పార్కుల్లో పెద్ద రైళ్ల లెక్క ఇక్కడ కుదరదు. గేటు తెరవగానే తిన్నగా దాని దగ్గరికే వెళ్లాలి. మిగతావి తర్వాత చూసుకోవచ్చు. షెడ్డర్ అనే గిరగిర తిరిగే కోస్టర్ కూడా అంతే, బండికి నలుగురే.

జెర్సీ_చిన్నోడు:
షెడ్డర్ కాదు, ష్రెడ్డర్ అన్నా.

ఎడిసన్_లలిత:
మీరంతా థీమ్ పార్కు పట్టుకుని కూర్చున్నారు. నాలుగేళ్ల పాప ఉన్నప్పుడు, బయట మంచు పడుతున్నప్పుడు నా ఓటు డ్రీమ్‌వర్క్స్ వాటర్ పార్కుకే. గాజు కప్పు కింద ఎకరంన్నర అలల కొలను, లోపల ఎప్పుడూ వెచ్చగా ఉంటుంది. పిల్లలకి వేరే లోతు తక్కువ భాగం ఉంది. బట్టల విషయంలో ఒక మాట. అత్తయ్య కాటన్ పంజాబీ డ్రెస్‌తో నీళ్లలోకి దిగుతానంటే కుదరకపోవచ్చు. హైదరాబాద్ వండర్‌లాలో కూడా నైలాన్, పాలియెస్టర్ ఉండాలంటారు కదా, అలాగే. మా అత్తయ్యకి ముందే ఫుల్ చేతుల స్విమ్ షర్టు, మోకాళ్ల కిందికి వచ్చే స్విమ్ లెగ్గింగ్స్ కొని ఇంట్లో వేసి చూపించాం. "ఇదేదో యోగా డ్రెస్‌లా ఉంది, బాగానే ఉందే" అంది. నడుం లోతు నీళ్లలో పాపని పట్టుకుని మూడు గంటలు బయటికి రాలేదావిడ. ఆవిడ మోకాళ్ల నొప్పికి ఏ రైడ్ ఎక్కగలదు చెప్పండి? నీళ్లయితే నొప్పి కూడా తెలియలేదు.

గోదారిగట్టు:
ఇది మంచి మాట. మా అమ్మకి కూడా ఇలాగే చేయాల్సింది, బట్టల కొట్ల కోసం తిరిగే బదులు. అన్నట్టు సోమవారం నుంచి శనివారం లోపు వెళ్తే బట్టలు కొనుక్కోండి, న్యూజెర్సీలో బట్టల మీద సేల్స్ ట్యాక్స్ లేదు. మిగతా చాలా వాటికి 6.625 శాతం పడుతుంది.

పారమస్_పక్కింటోడు:
ఆదివారం ఇంకో ఇబ్బంది కూడా ఉంది. పక్కనే మెట్‌లైఫ్ స్టేడియం. జెయింట్స్ గానీ జెట్స్ గానీ (అమెరికన్ ఫుట్‌బాల్ జట్లు) ఆడే రోజైతే రూట్ 3, టర్న్‌పైక్ రోడ్లు రెండూ కదలవు. వెళ్లే ముందు మ్యాచ్‌ల పట్టిక చూసుకోండి. చలికాలం మొదట్లో సీజన్ ఇంకా నడుస్తూనే ఉంటుంది.

మన్రో_మాధవి:
లలిత గారూ చాలా థాంక్స్, స్విమ్ లెగ్గింగ్స్ సంగతి నాకు తట్టలేదు. కానీ టికెట్ గురించి అడిగి ఇంతసేపైంది, తిండి గురించీ అడిగాను. మీరంతా కోర్టు, కెనడా, ఎర్ర కుర్చీ అన్నీ చెప్పారు, నాకు కావలసింది తప్ప. బాబు ఎత్తు కొలిచాను, 46 అంగుళాలున్నాడు. మెత్తలు వేయను, మూర్తి గారూ కంగారుపడకండి.

పాలమూరు_పిల్ల:
అక్కా, ఇక్కడి పార్కుకి గేటు ఉన్నది, బ్లూమింగ్టన్ లెక్క కాదు. లోపలికి వస్తే ఎవరికైనా టికెట్టే. ధరలు రోజుని బట్టి మారుతయ్, ఆన్‌లైన్ల ముందే చూసుకో. మేమైతే తాతని టికెట్ లేకుండా మాల్‌లనే కూర్చోబెట్టినం, ఐస్ రింక్ దగ్గర. పిల్లలు జారి పడుడు, లేచుడు చూస్తూ కదలలే. మధ్యలో నేను బయటికి వచ్చి చాయ్ ఇప్పించి మళ్లీ లోపలికి పోయిన. 46 అయితే షెల్‌రైజర్ రాదు, 48 కావాలె. బాబుకి ఇంట్లనే చెప్పు, అక్కడ గీత దగ్గర చెప్పకు.

ఎడిసన్_లలిత:
తిండికి నాదొక్కటే మాట. వెజ్ వాళ్లకి పిజ్జా, ఫ్రైస్, ఫలాఫెల్ లాంటివే దిక్కు. పెద్దవాళ్లు రెండో ముద్దకే విసుక్కుంటారు. పులిహోర, పెరుగన్నం డబ్బాల్లో పెట్టుకుని కారులోనే తినిపించి లోపలికి తీసుకెళ్లండి. సాయంత్రం తిరుగుదారిలో ఎడిసన్ ఓక్ ట్రీ రోడ్‌లో ఆగితే ఇడ్లీ, దోసె దొరుకుతాయి.

జెర్సీ_చిన్నోడు:
కారు లేనివాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, న్యూయార్క్ పోర్ట్ అథారిటీ బస్ స్టేషన్ నుంచి 355 నంబర్ బస్సు తిన్నగా మాల్ దగ్గరే దింపుతుంది. స్టేడియం రైలు మ్యాచ్‌లు, కచేరీలు ఉన్న రోజుల్లోనే నడుస్తుంది, దాన్ని నమ్ముకోకండి.

కరీంనగర్_కవిత:
మాధవీ, మూర్తి గారితో నాకు ఇంకా పడలేదు గానీ, 46 అంటే రెండంగుళాల తేడా. అంతదానికి నేనైనా ప్రయత్నం చేయను. పిల్లల్ని వాటర్ పార్కుకే తీసుకపో.