ఆసుపత్రి కంప్యూటర్‌కు ఊళ్ళో రాసిన మందు సంగతి ఎలా తెలుస్తుంది?

ప్రశ్న: హిందూపురం వాస్తవ్యుడు, మారతహళ్ళి

అందరికీ నమస్కారం. నిరుడు బెంగళూరులోని ఒక పెద్ద ఆసుపత్రిలో మా అమ్మకు గుండెలో మెటల్ వాల్వు అమర్చారు. అప్పటినుంచి రోజూ రాత్రి రక్తం గడ్డకట్టకుండా చూసే వార్ఫరిన్ మాత్ర వేసుకుంటూ, నెలనెలా రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో చూపే ఐఎన్‌ఆర్ పరీక్ష చేయించుకుంటూ హిందూపురంలోనే ఉంటున్నారు. ఆ ఆసుపత్రిలో మందుచీటీ మొదలు రక్తపరీక్షల వరకు అన్నీ కంప్యూటర్‌లోనే నడుస్తాయి. ఒకదానితో ఒకటి పడని మందులు రాస్తే తెరమీద హెచ్చరిక వస్తుందని డాక్టరుగారే చూపించారు.

పోయిన నెల అమ్మకు విరేచనాలు పట్టుకుంటే ఊళ్ళో డాక్టరుగారు మెట్రోనిడజోల్ రాశారు. అమ్మ వార్ఫరిన్ వాడుతున్నారని మందుల షాపు యజమానికి ముందే తెలుసు కాబట్టి, ఈ రెండూ కలిస్తే రక్తస్రావం అయ్యే ప్రమాదముందని ఆగి, డాక్టరుగారికి ఫోను చేసి మందు మార్పించారు. ఆయన పట్టుకున్నదాన్ని అంత ఖర్చుపెట్టి నిర్మించిన వ్యవస్థ ఎందుకు పట్టుకోలేకపోయింది? ఆభా నంబరు (ప్రభుత్వం ఇచ్చే డిజిటల్ ఆరోగ్య గుర్తింపు సంఖ్య) తీసుకుంటే ఈ లోటు తీరుతుందా? వచ్చే నెల అమ్మకు పిత్తాశయంలో రాళ్ళు తీయించాలి. అదీ బెంగళూరులోనే, కాని వేరే ఆసుపత్రిలో. మేము ఏమి అడగాలో ఈ రంగంలో ఉన్నవారు చెప్పగలరని మనవి.

జవాబు: క్లినికల్ ఫార్మసిస్టు, జయనగర

ముందుగా ఆ షాపు యజమానికి మా అందరి తరఫున నమస్కారాలు చెప్పండి. మెట్రోనిడజోల్ కాలేయంలో వార్ఫరిన్ విరిగిపోకుండా అడ్డుపడుతుంది. అందువల్ల మోతాదు మార్చకపోయినా ఐఎన్‌ఆర్ పెరిగిపోతుంది. ఆయన చేసిందీ కంప్యూటర్ చేసేదీ ఒకటే పని: రోగి వాడుతున్న మందులతో కొత్త మందును సరిచూడటం. ఆసుపత్రి కంప్యూటర్‌లో ఆ ఆసుపత్రి రాసిన మందులే ఉంటాయి. హిందూపురంలో కాగితం మీద రాసిన మందు దాని కంటబడే దారే లేదు.

అలాగని ఈ వ్యవస్థలను తక్కువ చేయలేము. బోస్టన్‌లోని బ్రిగమ్ అండ్ విమెన్స్ ఆసుపత్రిలో డాక్టర్లు మందులను కంప్యూటర్‌లోనే రాయడం మొదలుపెట్టాక తీవ్రమైన మందుల పొరపాట్లు 55 శాతం తగ్గాయని 1998లో ప్రచురించారు. మంచం దగ్గర చేతిపట్టీని, మందును బార్‌కోడ్‌తో సరిచూసే పద్ధతివల్ల, వేళ తప్పడాన్ని మినహాయిస్తే మిగిలిన పొరపాట్లు సుమారు 41 శాతం తగ్గాయని 2010లో అక్కడినుంచే మరో అధ్యయనం వచ్చింది. నా దృష్టిలో రెండోదే మనకు ఎక్కువ అవసరం, ఎందుకంటే డాక్టరు రాసేటప్పుడు జరిగిన పొరపాటును ఫార్మసీలోనో వార్డులోనో ఎవరో ఒకరు పట్టుకునే అవకాశం ఉంటుంది కాని, రోగి నోటికో నరానికో అందే క్షణంలో జరిగినదాన్ని పట్టుకోవడానికి ఆ తరువాత ఎవరూ ఉండరు. వార్ఫరిన్‌కు ఎన్నో మందులతో హెచ్చరికలు వస్తుంటాయి. చిన్నవీ పెద్దవీ కలిసి పదే పదే వచ్చేసరికి చదవకుండానే మూసివేసే అలవాటు డాక్టర్లకు ఏర్పడుతుంది. ఏ హెచ్చరికలు ఉంచాలో, ఏవి తీసివేయాలో ఫార్మసిస్టులు ఎప్పటికప్పుడు సమీక్షించే ఆసుపత్రిలోనే వాటికి విలువ.

జవాబు: ఆసుపత్రుల సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, వైట్‌ఫీల్డ్

ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ 2021 సెప్టెంబరు 27న దేశమంతటా మొదలైంది. ఆ మిషన్ కింద ఇచ్చే ఆభా నంబరులో 14 అంకెలుంటాయి. అయితే ఆ నంబరులో రికార్డులేవీ ఉండవు. అవి ఏ ఆసుపత్రిలో తయారయ్యాయో అక్కడే ఉంటాయి. రోగి సమ్మతి ఇస్తే, ఇచ్చిన గడువు వరకు మరో ఆసుపత్రి వాటిని చూడగలుగుతుంది. కాబట్టి మీ పాత ఆసుపత్రిలో అమ్మగారి రికార్డులను ఆభాకు జతచేయమని ఇప్పుడే అడగండి. ఊళ్ళోని క్లినిక్ కాగితం మీదే రాస్తున్నంతకాలం ఆ భాగం మాత్రం ఖాళీగానే ఉంటుంది.

ఇంతకంటే ముందు చూడవలసింది పేరు. మనవాళ్ళు ఇంటిపేరు ముందు రాస్తారు, ఇక్కడ ఇనీషియల్ చివర పెడతారు. ఆధార్‌లో లక్ష్మీదేవమ్మ, పాత చీటీలో కె. లక్ష్మీదేవి, కొత్త కౌంటరులో లక్ష్మీదేవి కె. అని ఉంటే ఒకే మనిషికి మూడు ఫైళ్ళు తయారవుతాయి. అలెర్జీ ఒక ఫైలులో, ఐఎన్‌ఆర్ మరొకదానిలో చిక్కుకుపోతే, ఎంత మంచి సాఫ్ట్‌వేర్ అయినా ఖాళీ ఫైలును చూసి అంతా సవ్యంగా ఉందనే చెబుతుంది. రిజిస్ట్రేషన్ కౌంటరులో పేరు, పుట్టినతేదీ, ఫోను నంబరు ఆధార్‌లో ఉన్నట్టే రాయించండి. పాత ఫైలు ఉందేమో వెతికించి, ఉంటే కలపమనండి.

సాఫ్ట్‌వేర్ పేరు చూసి నమ్మకం పెట్టుకోవద్దు. పిట్స్‌బర్గ్ పిల్లల ఆసుపత్రిలో డాక్టర్లు మందులను కంప్యూటర్‌లోనే రాసే పద్ధతిని 6 రోజుల్లోనే ప్రవేశపెట్టాక, బయటినుంచి తరలించిన పిల్లల్లో మరణాలు 2.80 శాతం నుంచి 6.57 శాతానికి పెరిగాయని 2005లో ప్రచురించారు. బిడ్డ చేరి నమోదయ్యేదాకా మందు ఆర్డరు పెట్టే వీలు లేకపోవడం వారు చెప్పిన కారణాల్లో ఒకటి. అదే సాఫ్ట్‌వేర్ పెట్టిన సియాటెల్ పిల్లల ఆసుపత్రిలో మరణాలు పెరగలేదు.

జవాబు: ఐసీయూ నర్సు, హెబ్బాళ

మీ అమ్మగారికి ఆపరేషనుకు ముందు వార్ఫరిన్ ఆపి, దాని బదులు రక్తం గడ్డకట్టకుండా చూసే హెపారిన్ అనే ఇంజెక్షన్ మందు ఇవ్వవచ్చు. అది డాక్టర్ల నిర్ణయం. హెపారిన్‌ను పంపుతో ఎక్కించేటప్పుడు గరిష్ఠ పరిమితులు నిర్ణయించి ఉన్న పంపు వాడుతున్నారా, ఇద్దరు నర్సులు విడివిడిగా సరిచూస్తున్నారా అని అడగండి. మేమెవరమూ నొచ్చుకోము.

ఇంకొకటి. హిందూపురం వారికి కన్నడం అర్థమవుతుంది కాని, మా వార్డుల్లో చాలామంది సిస్టర్లు కేరళ నుంచి వచ్చినవారు. "మీరు లక్ష్మీదేవేనా?" అని అడిగితే పెద్దవారు అర్థం కాకపోయినా తల ఊపుతారు. "మీ పేరు చెప్పండి" అని అడిగించి, జవాబు అమ్మగారి నోటివెంటే రానివ్వండి. ఆ తరువాతే పట్టీ స్కాన్ చేయాలి.

ప్రశ్న అడిగినవారు: ధన్యవాదాలు. ఇంటికి వెళ్ళేరోజు ఏమి చూసుకోవాలి?

జవాబు: క్లినికల్ ఫార్మసిస్టు, జయనగర

డిశ్చార్జి సమ్మరీలో వార్ఫరిన్ మళ్ళీ ఏ తేదీన, ఎంత మోతాదుతో మొదలుపెట్టాలో, తరువాతి ఐఎన్‌ఆర్ ఎప్పుడో, హెపారిన్ ఇంజెక్షన్లు ఇంటికి ఇస్తే ఎప్పుడు ఆపాలో స్పష్టంగా రాయించండి. పాత మందుల్లో ఏవి కొనసాగించాలో, ఏవి ఆపాలో ఫార్మసిస్టుతో మాట్లాడి తెలుగులో రాసుకొని, ఒక ప్రతిని మీ ఊరి షాపు యజమానికి ఇవ్వండి. చిగుళ్ళలో రక్తం, నల్లని విరేచనం కనిపిస్తే ఆగకుండా ఆసుపత్రికి తీసుకురండి. మందు వల్లే అలా జరిగిందన్న అనుమానముంటే, చికిత్స అందాక 1800-180-3024కు ఫోను చేసి చెప్పండి. అది మందుల దుష్ప్రభావాలను నమోదు చేసే జాతీయ కార్యక్రమం వారి ఉచిత నంబరు, రోగి తరఫువారూ చెప్పవచ్చు.