బాసెల్ బంగారం, బుడాపెస్ట్ థ్రిల్లర్: రెండూ ఒకే పాత్రికేయుడు రాయవచ్చా?

పెన్నా పాఠకుడు, నెల్లూరు:

నెల్లూరులో మేము కొందరం కలిసి నడుపుకొంటున్న పఠన బృందం ఈసారి చర్చకు బ్రిటిష్ పాత్రికేయుడు ఆడమ్ లెబోర్ రచనలను తీసుకుంది. ఆయన యుగోస్లావియా యుద్ధాల కాలంలో విలేఖరిగా పనిచేశారు. స్విస్ బ్యాంకులకూ నాజీలకూ మధ్య నడిచిన లావాదేవీల మీద 1997లో, ఐక్యరాజ్యసమితి జాతిహననాలను అడ్డుకోలేకపోయిన తీరు మీద 2006లో పుస్తకాలు వెలువరించారు. స్విట్జర్లాండ్‌లోని బాసెల్ నగరంలో ఉన్న, కేంద్ర బ్యాంకులకే బ్యాంకు లాంటి బ్యాంక్ ఫర్ ఇంటర్నేషనల్ సెటిల్‌మెంట్స్ (బీఐఎస్) చరిత్రను 2013లో ‘టవర్ ఆఫ్ బాసెల్’ పేరుతో రాశారు. వీటి నడుమనే 2009లో ‘ది బుడాపెస్ట్ ప్రోటోకాల్’, 2013లో ‘ది జెనీవా ఆప్షన్’ అనే థ్రిల్లర్లూ రాశారు.

నా అభ్యంతరం ఇక్కడే. మూసిన తలుపుల వెనుక జరిగిన దాన్ని బయటపెట్టే రచయితను మనం నమ్మేది, ఆయన దేన్నీ కల్పించడన్న భరోసాతోనే. అదే రచయిత మరో పుస్తకంలో అవే బ్యాంకులనూ అవే అధికార పీఠాలనూ తీసుకుని హత్యలు, కుట్రలు కల్పిస్తే, ఏది ఎక్కడ చదివామో సామాన్య పాఠకుడికి నాలుగు నెలల తరువాత గుర్తుండదు. కాబట్టి చరిత్రను మాత్రమే చర్చకు తీసుకుందామని నా ప్రతిపాదన. మీ అభిప్రాయాలు తెలియజేయగలరు.

విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, కావలి:

మీ ప్రతిపాదనతో నేను ఏకీభవించడం లేదు. కారణం చెప్పే ముందు ఆ చరిత్రలోని ఒక ఘట్టాన్ని ఇక్కడ పెడతాను, ఎందుకంటే జీవితమంతా ఓచర్ల మధ్య గడిపిన నన్ను అది నిద్రపోనివ్వలేదు.

1939 మార్చి 15న జర్మన్ సేనలు ప్రాగ్‌లో ప్రవేశించాయి. చెక్ జాతీయ బ్యాంకు ముందుజాగ్రత్తగా తన బంగారంలో చాలా భాగాన్ని అప్పటికే దేశం దాటించింది. అందులో కొంత, బీఐఎస్ పేరు మీద లండన్‌లో బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ ఖజానాలో ఉంది. ఆక్రమణదారులు చెక్ బ్యాంకు డైరెక్టర్లను బెదిరించి బదిలీ ఉత్తర్వులు రాయించారు. వాటి మీద బాసెల్ నుంచి లండన్‌కు అభ్యర్థన వెళ్ళింది: 2వ నంబరు ఖాతాలోని 23.1 టన్నుల బంగారాన్ని 17వ నంబరు ఖాతాకు మార్చాలి. ఆ 17వ ఖాతా జర్మనీ కేంద్ర బ్యాంకైన రైష్‌బ్యాంక్‌దేనని బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ అధికారులకు దాదాపుగా తెలుసు. అయినా పద్దు మారింది. అప్పటి విలువలో అది 56 లక్షల పౌండ్లు. ఒక దేశం సొత్తు ఒక నంబరు నుంచి మరో నంబరుకు పోయింది, అంతే.

ఆ సంగతిని మే నెలలో బయటపెట్టినవాడు కూడా పాత్రికేయుడే, పాల్ ఐన్‌జిగ్. బ్రిటిష్ పార్లమెంటులో ప్రశ్నలు లేచాయి. అయితే బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ తన యుద్ధకాల చరిత్రలో ఈ వ్యవహారాన్ని గురించి రాసి పెట్టుకున్న పుటలు అందరికీ అందుబాటులోకి వచ్చింది 2013లో.

ఇప్పుడు నా కారణం. బీఐఎస్ కార్యాలయంలోకి ఆ సంస్థ అనుమతి లేకుండా స్విస్ అధికారులు కూడా అడుగుపెట్టలేరు. దాని దస్తావేజుల భాండాగారం పరిశోధకులకు తెరుచుకున్నది 1998లో, అదీ 30 ఏళ్ళు దాటిన కాగితాలకు మాత్రమే. అటువంటి గోడ ముందు నిలబడిన విలేఖరికి కాగితం దొరికినంత వరకు చరిత్ర రాసే దారి ఉంది. కాగితం దొరకని చోట, తాను చూసిన మనుషుల తీరును బట్టి ఊహించినదాన్ని రాయాలంటే నవల కన్నా నిజాయితీ గల చోటు ఏది? నవల అని అట్ట మీద రాసి అమ్మేవాడు ఎవరినీ మోసం చేయడం లేదు. అనుమానాన్ని తెచ్చి చరిత్ర పుస్తకంలో కలిపేవాడితోనే ప్రమాదం.

తెలుగు ఉపాధ్యాయురాలు, ఒంగోలు:

కావలి బ్యాంకు ఉద్యోగి గారి మాటకు తోడుగా మన నేల మీది ఉదాహరణే ఒకటి ఉంది. ధనం, అధికారం తెర వెనుక కలిసి నడవడాన్ని తెలుసుకోవడానికి మనం బాసెల్ దాకా వెళ్ళనక్కరలేదు. సారా వేలం పాటలు, కాంట్రాక్టర్లు, ప్రభుత్వ రాబడి ఎలా ముడిపడి ఉండేవో నెల్లూరు జిల్లాకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు. ఆ ముడిని విప్పింది నివేదికలు కావు. అక్షరాస్యత ఉద్యమంలో రాత్రిపూట లాంతరు వెలుగులో చదువుకున్న స్త్రీల వాచకంలో ‘సీతమ్మ కథ’ అనే పాఠం ఉంది. అది కథ. ఒక ఊరి ఆడవాళ్ళు సారా కొట్టు మూయించిన కథ. దాన్ని చదివి దూబగుంట స్త్రీలు తమ ఊరిలో సారాను ఆపించారు. 1992లో జిల్లా అంతటా ఉద్యమం పాకింది, వేలం పాటలు ఆగిపోయాయి. 1993 ఏప్రిల్‌లో జిల్లాలో, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది.

కల్పన పాఠకుడిని తప్పుదోవ పట్టిస్తుందన్న భయం నాకు అర్థమవుతుంది. అయితే వాస్తవాలన్నీ ఎదురుగా ఉన్నా కదలని మనుషులను ఒక కల్పిత కథ కదిలించిన జిల్లాలో కూర్చుని, కథలు వద్దని తీర్మానించడం నాకు సమ్మతం కాదు.

పెన్నా పాఠకుడు, నెల్లూరు:

టీచరు గారూ, దూబగుంట ఉదాహరణ గొప్పది, అయితే మన చర్చకు అది సరిగ్గా అతకదు. ఆ స్త్రీలు సారా కొట్టును రోజూ కళ్ళారా చూస్తున్నవారు. కథలో ఉన్నది నిజమో కాదో వారి వీధే చెప్పింది. బాసెల్‌లో రెండు నెలలకోసారి కేంద్ర బ్యాంకుల గవర్నర్లు సమావేశమై ఏం మాట్లాడుకుంటారో మనలో ఎవరు చూడబోయారు? సరిచూసుకునే వీలు లేని పాఠకుడి చేతిలో నవల పెట్టినప్పుడు, దానిలోని కుట్ర వాట్సాప్‌లో చరిత్రగా తిరుగుతుంది. పైగా రహస్య బ్యాంకర్ల కథలు తరచుగా యూదుల మీద ద్వేషానికి సాకుగా మారిన సంగతి ఐరోపా చరిత్ర తెలిసినవారికి కొత్త కాదు.

న్యాయవాది, కందుకూరు:

‘బుడాపెస్ట్ ప్రోటోకాల్’ గురించే మాట్లాడతాను. దానికి ప్రేరణ 1944 నవంబరు నాటి ఒక అమెరికన్ గూఢచార నివేదిక. ఆ ఏడాది ఆగస్టు 10న స్ట్రాస్‌బర్గ్‌లోని మెజోన్ రూజ్ హోటల్‌లో జర్మన్ పారిశ్రామికవేత్తలు సమావేశమై, ఓటమి తరువాత తిరిగి లేవడానికి సొమ్మును విదేశాలకు తరలించే పథకం వేశారని అందులో ఉంది. నివేదిక అసలుది, భాండాగారంలో ఉంది. అయితే అది ఒక వేగు చెప్పిన మాటలకు రాతరూపం. ఆ కాగితం ఉండటం వల్ల రుజువయ్యేది, ఒక వేగు అలా చెప్పాడన్నది మాత్రమే. సమావేశం నిజంగా జరిగిందా అన్నది చరిత్రకారుల మధ్య నేటికీ వివాదమే. కోర్టులో నేను దీన్ని సాక్ష్యంగా తెస్తే, వినికిడి మాట అని ప్రతిపక్ష న్యాయవాది వెంటనే లేచి నిలబడతాడు.

చెక్ బంగారం సంగతి వేరు. ఖాతా నంబర్లు, తూకం, సంబంధిత బ్యాంకు సొంత రాతలు ఉన్నాయి. అందువల్ల ఆ రచయిత వినికిడి మాటను నవలకూ, పద్దును చరిత్రకూ వాడుకున్నాడు. నాకు ఈ విభజన సవ్యంగా కనిపిస్తున్నది.

విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, కావలి:

న్యాయవాది గారు నా మనసులోని మాటను నాకంటే బాగా చెప్పారు. నెల్లూరు మిత్రులకు ఒక్కటే జవాబు. బాసెల్‌ను మనం చూడలేమన్నారు కదా, అది ప్రతి శాఖ కౌంటరు దగ్గరా కనిపిస్తుంది. మన రిజర్వు బ్యాంకును 1996లో బీఐఎస్ సభ్యత్వానికి ఆహ్వానించారు. 1988లో బాసెల్ కమిటీ (బీఐఎస్‌లో సమావేశమయ్యే బ్యాంకు నియంత్రణాధికారుల బృందం), రిస్క్‌ను బట్టి తూచిన ఆస్తుల్లో, అంటే ఇచ్చిన రుణాల వంటివాటిలో, 8 శాతం మేర బ్యాంకు సొంత మూలధనం ఉండాలంటే, మన దగ్గర 9 శాతం అన్నారు. 2023 నవంబరులో హామీ లేని వినియోగ రుణాల రిస్క్ వెయిట్‌ను (మూలధనం లెక్కకు ఆ రుణాన్ని ఎంత శాతంగా తూచాలో చెప్పే అంకెను) రిజర్వు బ్యాంకు 100 నుంచి 125 శాతానికి పెంచి, బంగారు ఆభరణాల మీద ఇచ్చే రుణాలను మినహాయించింది. అంటే జీతం స్లిప్పు పట్టుకుని వ్యక్తిగత రుణానికి వచ్చిన ఉపాధ్యాయుడికి ఇచ్చే ప్రతి లక్షకు బ్యాంకు ఎక్కువ మూలధనం పక్కన పెట్టాలి. పక్కనే గొలుసు తీసి తక్కెడలో పెట్టిన రైతు భార్యకు ఆ భారం లేదు. ఆమెకు రుణం త్వరగా దొరకడానికీ, ఆయనకు వడ్డీ ఒక మెట్టు పెరగడానికీ ఉన్న లెక్క బాసెల్‌లో పుట్టిన సూత్రమే. దీన్ని సరిచూసుకోవడానికి కావలిలో ఏ శాఖకు వెళ్ళినా చాలు.

అందువల్ల సమావేశానికి ‘టవర్ ఆఫ్ బాసెల్’ పూర్తిగా చదివి రావాలనీ, నవలను ఇష్టమున్నవారు ఆ తరువాత తీసుకోవాలనీ, రెండింటి మీదా చర్చ జరగాలనీ నా సూచన. మెజోన్ రూజ్ నివేదిక మీద న్యాయవాది గారు పావుగంట మాట్లాడితే మరీ మంచిది.